పామిడి ఎత్తు

మా ఆవిడ లెక్కలో నేను ఉద్యోగమే చేయలేదు. "పొద్దస్తమానం ఏసీ రూములో కూచోని పాటలు యినేదానికి నీకు జీతమిచ్చినారు. పోయిన జన్మలో యేం పుణ్యం చేసుకున్నావో" అంటుంది ఇప్పటికీ. అనంతపురంలో ఒక రికార్డింగ్ స్టూడియోలో సౌండ్ ఇంజినీరుగా జుట్టు నెరిసేదాకా పనిచేశాను. పాడేవాళ్ళు పాడి వెళ్ళిపోతారు, వాయించేవాళ్ళు వాయించి టీ తాగి వెళ్ళిపోతారు. అందులో ఉండకూడనిది ఏముందో విని తీసేయడం నా పని. కుర్చీ కిర్రుమనడం, గాయకుడి దగ్గు, బయట ఆటో హారను, ఇలాంటివి. చర్చి పాటలు, భజనలు, బట్టల షాపు ప్రకటనలు, ఎన్నికల పాటలు అన్నీ మా దగ్గరే తయారయ్యేవి. పొద్దున ఒక పార్టీకి జేజేలు పాడిన గొంతుతోనే మధ్యాహ్నం ఎదుటి పార్టీకి జేజేలు పాడించిన ఘనత కూడా మాదే.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్న మీలాంటి పిల్లలు ఎక్కడ కనబడినా "సార్, మీ సర్వీసులో మరచిపోలేనిది ఒకటి చెప్పండి" అంటారు. ఎవరో పెద్ద గాయని మా మైకు ముందు నిలబడి కంటతడి పెట్టిందని చెబుతానేమోనని ఆశగా చూస్తారు. అంత పెద్దవాళ్ళెవరూ మా స్టూడియో మెట్లెక్కలేదు. నాకు గుర్తుండిపోయింది ఒక గిటారు, దాని పక్కనే శెనక్కాయలు ఒలిచే ఒక మిషను. సావకాశంగా చెబుతాను, వినండి.

నేను రిటైరయ్యే ముందు మా ఓనరుకు ఒక ఆలోచన వచ్చింది. ఆయనకు ఆలోచన వస్తే మాకు బీపీ వచ్చేది. అంతకుముందు వచ్చిన ఆలోచన వల్ల మేం నెల రోజులు మేకల అరుపులు రికార్డు చేశాం, ఎందుకో ఆయనకూ తెలియదు. ఈసారిది మాత్రం మంచి ఆలోచనే. గిటారు మాస్టరు చిన్నవయసులో వాయించిన బ్లూస్, రాక్ పాటలన్నీ పాత టేపుల నుంచి శుభ్రం చేసి, ఒక సంకలనంగా ఆన్‌లైన్లో పెట్టాలన్నాడు. ఒక ఆదివారం హాలు తీసుకుని, జిల్లాలో గిటారు పట్టిన ప్రతివాణ్ణీ పిలిచి, మాస్టరు ఎదుటనే విడుదల చేయాలన్నాడు.

మాస్టరంటే మీ తరానికి తెలియదు. మా జిల్లాలో కరెంటు గిటారు పట్టిన మొదటివాళ్ళలో ఆయనొకడు. వాళ్ళ నాయన గుంతకల్లులో రైలు పట్టాల గ్యాంగులో కూలీ. రైల్వే కాలనీలో ఒక ఆంగ్లో ఇండియన్ గార్డు దగ్గర గిటారు, విదేశీ రికార్డులు ఉండేవి. ఈయన వాళ్ళ కిటికీ దగ్గర నిలబడి రోజూ వింటుంటే, చివరికి ఆ గార్డే లోపలికి పిలిచి నేర్పాడు. తర్వాత కుటుంబం పామిడికి వచ్చేసింది. ఆదివారం చర్చిలో కీర్తనలు, మిగతా వారమంతా బ్లూస్. బ్లూస్ అంటే, అమెరికాలో పత్తి చేలల్లో వెట్టిచాకిరీ చేసిన నల్లవాళ్ళ దుఃఖంలోంచి పుట్టిన పాట. దానికి కరెంటు గిటారు, గట్టి డ్రమ్ము తోడైతే బ్లూస్ రాక్. చేను, కూలి, దుఃఖం అనగానే మా జిల్లావాళ్ళకు ఇంక వివరం అక్కర్లేదు. అయితే మాస్టరు చేతిలో అది ఏడుపు కాదు. వాన దేవుణ్ణి ఎదురుగా నిలబెట్టి నాలుగు మాటలు అడుగుతున్నట్టు ఉండేది.

ఆయన బృందం పామిడిలో చర్చి పక్క గదిలో స్పూలు టేపు రికార్డరు పెట్టుకుని వాయించిన పాటలు క్యాసెట్లకెక్కాయి. ఆ క్యాసెట్ల నుంచి ఇంకొన్ని క్యాసెట్లకెక్కాయి. కదిరి పోయే ప్రైవేటు బస్సుల్లో, టీ అంగళ్ళలో, పెళ్ళిళ్ళ మైకుసెట్లలో మోగాయి. వాటిలో ఒకదానికి జనం పెట్టుకున్న పేరు పామిడి ట్యూను. అందులో మాటలుండవు, గిటారే పాడుతుంది. పాట నడుమ డ్రమ్ముతో సహా అన్నీ ఆగిపోతాయి. గిటారు ఒక్కటే ఒక స్వరం పట్టుకుని నిలబడుతుంది. ఉన్నట్టుండి ఆ స్వరం పైకి లేస్తుంది. లేచి, వణికి, కొంచెం దిగుతుంది గానీ బయల్దేరిన చోటికి మాత్రం రాదు, ఒక మెట్టు పైనే కూర్చుంటుంది. తర్వాత పాటంతా ఆ పై మెట్టు మీదే నడుస్తుంది. దీన్నే మావాళ్ళు 'ఎత్తు' అంటారు.

మా వైపు ఆర్కెస్ట్రాలో గిటారువాడిగా చేరాలంటే పరీక్ష ఒక్కటే. "ఎత్తు వస్తాదా?" అని అడుగుతారు. వేలితో తీగను పక్కకు నెట్టి ఆ స్వరాన్ని అలాగే లాగి, వణికించి, దింపి చూపించాలి. ఆ వెంటనే ఎడమచేతిని గిటారు మెడ మీద ఒక మెట్టు పైకి జరిపి మిగతా పాట వాయించాలి. వచ్చినవాణ్ణి చేర్చుకుంటారు, రానివాణ్ణి "పోయి డోలక్ నేర్చుకోపో" అంటారు. వినేవాళ్ళకూ ఒక అలవాటు ఉంది. ఎత్తు వచ్చే చోట కూర్చున్నవాళ్ళంతా ఎడమచేయి పైకెత్తి, లేని తీగను గాలిలో లాగుతారు. పెళ్ళిలో భోజనం చేస్తున్నవాళ్ళు సైతం ఎత్తడం నేను చూశాను.

ఇంత పేరున్న మనిషి టేపులు అడగడానికి నేనూ, ఓనరూ, మా ఎడిటర్ అమ్మాయీ బత్తలపల్లె దగ్గర ఆయన కూతురి ఇంటికి వెళ్ళాం. ఎడిటర్ అమ్మాయి అంటే మా స్టూడియోలో కంప్యూటరు మీద పాటలు సరిచేసే మనిషి. నాకంటే చాలా చిన్నది, చెవులు నాకంటే చాలా చురుకు, నోరు చెవులకంటే చురుకు. మేం వెళ్ళేసరికి మాస్టరు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఫోనులో క్రికెట్టు చూస్తూ అంపైరును తిడుతున్నాడు.

సంగతి చెప్పగానే ఆయన మొహం మూసుకుపోయింది. "ఆ పాత గోల యేంటికప్పా ఇప్పుడు? నా చేతులు జూడు, చెంచా పట్టుకునేదానికి లేదు" అన్నాడు. కీళ్ళు బిగిసి వేళ్ళన్నీ లోపలికి వంగిపోయాయి.

"మీరు లేకుంటే ఈ జిల్లాలో గిటారే లేదు మాస్టరూ" అన్నాడు ఓనరు.

"లేకుంటే యేం మునిగిపాయ? వానల్లేకుండానే బతుకుతాండారు జనాలు."

ఓనరు పొగిడేకొద్దీ ఆయన ముడుచుకుపోయాడు. మామూలుగా పాత కళాకారులు పొగిడితే విచ్చుకుంటారు. ఈయన తీరు నాకు కొత్తగా అనిపించింది. చివరికి వాళ్ళ కూతురే లోపలి నుంచి ఒక రేకు పెట్టె తెచ్చి మా ముందు పెట్టింది.

"ఇచ్చెయ్ నాయనా. మంచం కింద పెట్టుకోని యేం జేస్తావు? నువ్వు వాయించవు, ఇంగొకరిని యిననియ్యవు" అంది.

ఆయన పెట్టె వైపు చాలాసేపు చూశాడు. "సరే, తీస్కపోండి. ఉన్నది ఉన్నట్లే పెట్టల్ల. దాని మింద మీ తెలివి జూపియ్యద్దండి" అన్నాడు. మేం తలలూపాం. తెలివి చూపడానికే మాకు జీతమిస్తున్నారన్న సంగతి ఆయనకు చెప్పలేదు.

టేపులు బాగానే ఉన్నాయి. బూజు తుడిచి, తెగినచోట్ల అతికించి, ఒక్కొక్కటే కంప్యూటరులోకి ఎక్కించాం. పామిడి ట్యూను వంతు వచ్చిన రోజు నేనూ ఎడిటర్ అమ్మాయీ పండగలా కూర్చున్నాం. ఉగ్గాని, బజ్జీ తెప్పించుకున్నాం. క్యాసెట్టుకు క్యాసెట్టుగా అరిగిపోయిన పాటను అసలు టేపులో వినడం అంటే, రోజూ ఫోటోలో చూసే మనిషి ఎదురుగా వచ్చి కూర్చున్నట్టు. డ్రమ్ము ఆగింది, స్వరం నిలబడింది, ఎత్తు వచ్చింది. అలవాటుగా ఇద్దరం ఎడమచేతులు ఎత్తాం. ఎడిటర్ అమ్మాయి చేయి మాత్రం గాలిలోనే ఆగిపోయింది.

"సార్, హమ్ కూడా ఎత్తు వాయిస్తాంది" అంది.

హమ్ అంటే గిటారు స్పీకరు పెట్టెలోంచి వెనకాల సన్నగా గుంయ్‌మని వినబడే కరెంటు చప్పుడు. దాని స్వరం ఎప్పుడూ మారదు. గిటారువాడు తీగను ఎంత లాగినా హమ్‌కు పట్టదు, దానిపాటికది గుంయ్‌మంటూనే ఉంటుంది. ఈ పాటలో గిటారు పైకి లేచిన క్షణానే హమ్ కూడా లేచింది, వణికింది, కొంచెం దిగి పైనే కూర్చుంది. మళ్ళీ వేశాం. మళ్ళీ అంతే. ఉగ్గాని చల్లారిపోయింది.

అర్థం ఒక్కటే. స్వరాన్ని లేపింది వేలు కాదు. రికార్డు చేస్తుండగా ఓల్టేజి పడిపోయి టేపు నెమ్మదించింది. నెమ్మదిగా తిరిగిన టేపును తర్వాత మామూలు వేగంతో వింటే శబ్దమంతా సన్నబడి పైకి పోతుంది. పక్కన ఏదో పెద్ద మోటారు వేసినట్టున్నారు. మోటారు కదిలేటప్పుడు కరెంటును ఒక్కసారిగా లాగుతుంది, తిరగడం మొదలెట్టాక కొంత వదులుతుంది. అందుకే స్వరం లేచి, వణికి, సగం దిగింది. మోటారు ఆగలేదు కాబట్టి మిగతా పాటంతా ఒక మెట్టు పైనే ఉండిపోయింది. బృందంలో మిగతావాళ్ళు ఆగి ఉండటంవల్ల అది గిటారు చేసిన పనే అనుకున్నారు అందరూ.

నేనూ ఆమే ఒకరి మొహం ఒకరం చూసుకుని, ముందు పొట్ట పట్టుకుని నవ్వాం. జిల్లాకు జిల్లా అంతా ఇన్నేళ్ళుగా ఒక మోటారుకు శిష్యరికం చేసింది! ఎత్తు రాక ఆర్కెస్ట్రా నుంచి వెళ్ళగొట్టబడినవాళ్ళు నాకు తెలిసినవాళ్ళే ఉన్నారు. నవ్వు అయిపోయాక మాస్టరు గుర్తొచ్చాడు. అప్పుడు ఇద్దరికీ నవ్వు రాలేదు.

ఓనరుకు చెబితే తలుపు గొళ్ళెం పెట్టాడు. "గమ్మునుండండప్పా! బయట తెలిస్తే ఆయప్ప పరువు, మన పరువు రెండూ పోతాయి. ఎత్తు లేని పామిడి ట్యూను యెవరికి కావల్ల?"

"హమ్‌ను పట్టుకోని వేగం సరిచేస్తే ఆయన నిజంగా వాయించింది బయటికొస్తాది సార్. ఒకతూరి సూద్దాం" అంది ఎడిటర్ అమ్మాయి.

"ఉన్నది ఉన్నట్లే పెట్టమన్యాడు గదా ఆయప్ప."

"ఉన్నది యాది సార్? టేపులో ఉన్నదా, ఆయన వాయించిందా?"

ఓనరు గొళ్ళెం తీసి వెళ్ళిపోయాడు. ఆమె ఊరుకోకుండా సరిచేసిన ఫైలు ఒకటి తయారు చేసింది. నేను విన్నాను గానీ పని చెవులతో విన్నాను. హమ్ మొదటి నుంచి చివరిదాకా నిలకడగా ఉందా లేదా అన్నదే చూశాను. ఉంది. "సరిగ్గా వచ్చిందమ్మా" అని లేచిపోయాను. వృత్తిలో పడిపోయినవాడికి పాట వినబడదు, తప్పులే వినబడతాయి. మీకూ ఆ రోగం పట్టుకుంటుంది, జాగ్రత్త.

ఇక మాస్టరుకు చెప్పేదెవరు? "నువ్వు రిటైరయ్యేవాడివి, నీకింగ పోయేదేముండాది? నువ్వే పో" అన్నాడు ఓనరు. సరిచేసిన పాటను ఫోనులో వేసుకుని, బత్తలపల్లె బస్సెక్కాను. ఒక పెద్దమనిషి జీవితమంతా మోసిన పేరు ఆయనది కాదని చెప్పడానికి పోతున్నాను. దారిపొడుగునా ఎండిన చేలు చూస్తూ మాటలు కూర్చుకున్నాను. ఒక్కటీ కుదరలేదు.

తీరా నేను నసుగుతూ "మాస్టరూ, ఆ టేపులో కరెంటు..." అనగానే ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"కాయలు కొట్టే మిషను" అన్నాడు.

నేను కుర్చీ ఆయన దగ్గరికి జరుపుకున్నాను.

"చర్చి పక్కనే షెడ్డు. శెనక్కాయలు కొట్టే మిషను ఉండ్య దాంట్లో. నేను స్వరం పట్టుకోని నిలబడుకోనుండా. పైన బల్బు యర్రగ అయిపాయ. మిషను వేసినారనుకుంటి. పాట ఆపలేదు, వాయిస్తానే ఉంటి. అయినాక టేపు తిప్పి యింటిమి. ఎత్తు వచ్చ! వాయించేటప్పుడు యెవరి లోకంలో వాళ్ళుండిరి, నేనే తీగ లాగినాననుకోని మావాళ్ళంతా లేచి నన్ను భుజాల మింద ఎత్తుకునిరి. అది నేను చేయలేదురా అని చెప్పల్ల గదా? నోరు రాలేదప్పా. ఆ వయసులో యెవనికి వస్తాది?"

"ఇన్నేండ్లు యెవరికీ చెప్పలేదా?"

"ఇంటి దానికి గూడ చెప్పలే. మరుసటి వారమే పెండ్లిలో ఎత్తు వాయించమని అడిగినారు. రాత్రీ పగలూ తీగతో కొట్లాడినా. వేళ్ళు పగిలి రక్తం కార్య. కడాకు పలికింది. మిషను ఒకతూరి ఎత్తింది, నేను బతుకంతా ఎత్తినా."

"ఇంగేముండాది మాస్టరూ? అది మీదే గదా" అన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను.

ఆయన తల అడ్డంగా ఊపాడు. "అందరూ నా కాడ నేర్చుకున్యామంటారు. నేను నేర్చుకునింది మిషను కాడ. అదే నాకు గురువు" అని నవ్వబోయి ఆగిపోయాడు. "ఆ మిషను తీసేస్తే ఆ టేపులో యేముంటాది చెప్పు? ఉత్త తీగ. పామిడిలో ఒక పిల్లోడు టంగుటంగుమని వాయించినాడు, అంతే. యీ పేరు, యీ దండలు, అన్నీ ఆ మోటారువే. తెల్దా నాకు?"

అప్పుడర్థమైంది, పొగిడితే ఆయన ఎందుకు ముడుచుకుపోయేవాడో. ఇన్నేళ్ళూ ఆ పెట్టెను మంచం కింద దాచుకున్నది టేపుల మీద ప్రేమతో కాదు, భయంతో. మిషను లేకపోతే తాను ఏమీ కాదని ఆయన గట్టిగా నమ్మాడు.

"మిషను లేకుండా యెట్లుంటాదో సరిచేసినాం మాస్టరూ. నా ఫోనులో ఉండాది. యింటారా?"

ఆయన ఉలిక్కిపడ్డాడు. ఫోను వైపు చూసిన చూపు నేను మరచిపోలేను. డాక్టరు చేతిలో రిపోర్టు చూసినవాడి చూపు అది. "వద్దు. ఇంత వయసొచ్చినాక అది యిని నేనేం బాగుపడల్ల? ఎత్తు ఉన్నదే పెట్టండి. అందరికీ అదే కావల్ల" అన్నాడు. ఎవరికీ చెప్పనని నా చేత మాట తీసుకున్నాడు. ఇప్పుడు మీకెలా చెబుతున్నానని అడగకండి, కాసేపట్లో మీకే తెలుస్తుంది. తిరుగు బస్సులో నాకు చాలా బాధేసింది. ఎవడో అన్యాయం చేస్తే తిట్టుకోవచ్చు. కాయలు కొట్టే మిషనును ఏమని తిడతాం?

ఆదివారం రానే వచ్చింది. చర్చిల్లో ప్రార్థనలు అయ్యాక హాలు నిండిపోయింది. కదిరి, గుంతకల్లు, ధర్మవరం, పామిడి, ఎక్కడెక్కడి గిటారువాళ్ళో వచ్చారు. కొందరు పొట్టలు పెంచారు, కొందరు జుట్లు పోగొట్టుకున్నారు, అందరి ఎడమచేతి వేళ్ళకూ తీగల వల్ల కాసిన కాయలు మాత్రం అలాగే ఉన్నాయి. మాస్టరును ముందు వరసలో కూర్చోబెట్టారు. ఆయన కొత్త చొక్కాలో ఇబ్బందిగా కదులుతున్నాడు. నేను హాలు చివర సౌండు బోర్డు దగ్గర ఉన్నాను. ఎడిటర్ అమ్మాయి స్పీకర్ల దగ్గర ఉంది. లాప్‌టాపు ముందు కూర్చుని పాట నొక్కేది తానేనని మా ఓనరు ముందు రోజు నుంచే పట్టుబట్టాడు. వీడియో తీస్తున్నారు మరి.

ఉపన్యాసాలు అయ్యాయి. "పామిడి ట్యూను!" అని ఓనరు ప్రకటించగానే ఈలలు. లాప్‌టాపులో ఒకే పాటకు రెండు ఫైళ్ళు కనబడ్డాయి ఆయనకు. అన్నిటికంటే చివర తయారైనదే అన్నిటికంటే మంచిదని ఆయన సిద్ధాంతం. టీవీ కొనేటప్పుడూ అదే, కారు కొనేటప్పుడూ అదే. నొక్కాడు.

మొదటి సగం ఎవరికీ తేడా తెలియలేదు. డ్రమ్ము ఆగింది. గిటారు స్వరం ఒక్కటే నిలబడింది. హాలంతా ఎడమచేతులు పైకి లేచాయి. నాది కూడా.

ఎత్తు రాలేదు.

స్వరం అక్కడే నిలబడి ఉంది. చేతులు గాలిలో అలాగే ఉన్నాయి. ఎవరో వెనక నుంచి "ఎత్తు యాడికి పాయరా?" అని అరిచారు. ఎడిటర్ అమ్మాయి నా వైపు తిరిగి రెండు చేతులూ నెత్తిన పెట్టుకుంది. ఓనరు గబగబా ఆపబోయాడు.

"ఆపద్దు!"

మాస్టరు గొంతు అది. కుర్చీలో ముందుకు వంగాడు.

పాట నడిచింది. ఆ రెండో సగాన్ని మేం అందరం ఎప్పుడూ ఒక మెట్టు పైన, ఉన్నదానికంటే వేగంగా విన్నాం. హడావిడిగా బస్సు అందుకోవడానికి పరిగెత్తినట్టుండేది. ఇప్పుడది నిదానంగా, బరువుగా వచ్చింది. ఒక్కో స్వరం మధ్య ఖాళీ వినబడింది. పట్టుకున్న స్వరాన్ని వదిలే ముందు వేలు ఇంకొంచెం అదిమినప్పుడు తీగ వణికిన చిన్న వణుకు వినబడింది. ఇన్నేళ్ళూ ఎత్తు మోతలో అది మునిగిపోయింది. స్టూడియోలో అది నాకు వినబడలేదు. హాల్లో వినబడింది. ఎత్తిన చేతులు ఒక్కొక్కటే కిందికి దిగాయి.

పాట అయిపోయింది. మాస్టరు లేచి, వేళ్ళతో పట్టుకోవడం కుదరక రెండు అరచేతుల మధ్య మైకు పట్టుకున్నాడు. "ఇదప్పా నేను వాయించింది. ఎత్తు నాది గాదు. చర్చి పక్కన శెనక్కాయల మిషనుది" అని, నాతో చెప్పినదంతా వాళ్ళకూ చెప్పాడు. దాచలేదు, సాగదీయలేదు.

కదిరి నుంచి వచ్చిన ఒక ముసలి గిటారాయన లేచి నిలబడ్డాడు. "అయితే మాస్టరూ, ఇన్నేండ్లు నేను చేయి ఒక మెట్టు పైకి జరుపుతాండేది మోటారు కోసమా?" అన్నాడు. ముందు ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత హాలంతా పగలబడి నవ్వింది. ఎత్తు రాక డోలక్ నేర్చుకున్న ఒకాయన లేచి, తనను వెళ్ళగొట్టిన బృందం నాయకుణ్ణి పేరు పెట్టి పిలిచి సంజాయిషీ అడిగాడు. మాస్టరు కూడా నవ్వాడు, కళ్ళు తుడుచుకుంటూ నవ్వాడు.

సంకలనంలో మీరిప్పుడు వినే పామిడి ట్యూను ఆ రోజు మోగినదే. ఎత్తు ఉన్నది కూడా చివర్న పెట్టాం, మావాళ్ళు ఊరుకోరు గదా. పెళ్ళిళ్ళలో ఇప్పటికీ చేతులెత్తుతున్నారు. మా ఓనరు ఆ ఫైలు కావాలనే నొక్కానని అందరితో చెప్పుకుంటున్నాడు. చెప్పుకోనివ్వండి.

జనమంతా భోజనాలకు కదిలాక మాస్టరు నా సౌండు బోర్డు దగ్గరికి నెమ్మదిగా నడిచివచ్చాడు. "ఇంగొకతూరి పెట్టప్పా" అన్నాడు. హెడ్‌ఫోను తెచ్చి నేనే ఆయన చెవులకు సర్ది, పాట మొదటి నుంచి పెట్టాను. ఆయన కళ్ళు మూసుకున్నాడు. వంగిపోయిన వేళ్ళు బల్ల మీద కొంచెం కొంచెం కదిలాయి. స్వరం నిలబడే చోట ఊపిరి బిగబట్టాడు. పాట పూర్తయ్యాక కళ్ళు తెరిచి, ఎవరో తెలియనివాడి గురించి అడిగినట్టు నన్ను అడిగాడు.

"మిషను లేకున్నా బాగనే వాయించినాడు గదప్పా, ఆ పిల్లోడు?"